గుంటూరులో ఒక క్రైస్తవ పుస్తకాల షాపు, దాని మేడమీది గది

బైబిలు కవరు కోసమో, క్రిస్మస్ స్టారు కోసమో వెతికేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు, అవి గుంటూరులో ఏ సెంటర్లోనైనా దొరుకుతాయి. కథలన్నా పద్యాలన్నా సినిమాలన్నా ప్రాణం, అయినా ఆదివారం గుడి మానరు, ఈ రెండిటి గురించీ ఒకేచోట కూర్చుని మాట్లాడుకునే చోటు మాత్రం ఊళ్లో కనపడదు... అలాంటివాళ్ల కోసం రాస్తున్నాను. నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కూడా చెప్తాను, వదలను.

షాపు పేరు రాయట్లేదు. మేడమీది గదిలో పుస్తకాలు అద్దెకిస్తూ, శనివారాలు సినిమాలు వేసే మాస్టారు వద్దన్నారు. "సినిమాలు వేస్తున్నామని ఊరంతా తెలిస్తే ఎవరో ఒకరు సంఘంలో పెడతారమ్మా, ఈ వయసులో నాకు ఆ పంచాయితీలెందుకు" అన్నారు. బ్రాడీపేట అడ్డరోడ్లలో ఒకదాంట్లో ఉంటుంది, అంతవరకే చెప్పగలను. గుడి సంగతులు తెలిసినవాళ్లని ఎవర్ని అడిగినా చూపిస్తారు.

కింద ఉన్నది మామూలు షాపే. జిప్పు బైబిళ్లు, రిఫరెన్సు బైబిళ్లు, రెండు మూడు సైజుల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, సండే స్కూలు చార్టులు, డిసెంబరు వచ్చేసరికి వాగ్దానాల క్యాలెండర్లు. కౌంటర్లో మాస్టారి కోడలుగారు కూర్చుంటారు. మా అమ్మకి పెద్దక్షరాల బైబిలు కావాలని వెళ్తే ఆవిడ మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇక్కడ ట్యూబులైటు కింద అన్నీ బాగానే కనపడతాయి పెద్దమ్మా, ఇంట్లో ఎక్కడ కూర్చుని చదువుతావు?" అని అడిగి, అమ్మని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి 119వ కీర్తన తీసిచ్చారు. మొదటిదాంట్లో అక్షరం పెద్దదే గానీ కాగితం మరీ పల్చన, వెనక పేజీ అచ్చు ఇటువైపు కనపడి ఏ ఒత్తు ఏ వరసదో తెలియక అమ్మ మాటమాటకీ ఆగింది. రెండోదాంట్లో అక్షరం కాస్త చిన్నది, కాగితం మందం, గడగడా చదివేసింది. ధర కూడా దానిదే తక్కువ. ఆవిడ అదే కట్టిచ్చారు. ఖరీదైనది అంటగట్టే అవకాశం చేతిలో ఉండి కూడా అలా చెయ్యని షాపులు ఈ రోజుల్లో ఎన్నున్నాయి? అన్నట్టు, అభిషేక తైలం సీసాలు ఇక్కడ అమ్మరు. నా ముందే ఒకాయన అడిగితే "మా దగ్గర చదివేవే ఉంటాయండి" అన్నారు కోడలుగారు, నవ్వుతూనే.

ఇక అసలు సంగతి మేడ మీద ఉంది. షాపు వెనకనుంచి ఇరుకు మెట్లు, రెయిలింగు ఒకవైపే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకుని ఎక్కండి. పైన ఒకే గది. గోడల పొడుగూతా పుస్తకాలు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల ప్రొజెక్టరు. 500 డిపాజిట్టు కడితే సభ్యత్వం, మానేసినప్పుడు వెనక్కి ఇస్తారు. నెలకి 60 రూపాయలు, ఒక్కోసారి రెండు పుస్తకాలు, పదిహేను రోజులు గడువు. ఆలస్యమైతే రోజుకి రూపాయి, ఆ రూపాయి కూడా మనమే కానుకల డబ్బాలో వెయ్యాలి, ఎవరూ లెక్క చూడరు. శనివారం సాయంత్రం సినిమాకి డబ్బులు తీసుకోరు.

ఈ అద్దె పుస్తకాల గొప్ప ఏమిటో అర్థం కావాలంటే వేరేచోట్ల పరిస్థితి తెలియాలి. విజయవాడలో ఒక పెద్ద క్రైస్తవ పుస్తకాల షాపులో (పేరు వద్దులెండి) నవలలేమైనా ఉన్నాయా అని అడిగాను. కౌంటరు మీదున్న బ్రదర్ నన్ను ఎగాదిగా చూసి, "నవలలు చదివితే ఉన్న విశ్వాసం పోద్ది సిస్టర్" అని, నేను అడక్కుండానే "విజయవంతమైన కుటుంబ జీవితం" టైపు పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. ఏలూరు రోడ్డులో మామూలు పుస్తకాల షాపులకి వెళ్తే జాషువా పద్యాల అరలో ఉంటాడు, దస్తయేవ్‌స్కీ రష్యన్ అరలో ఉంటాడు. బైబిలు పక్కన వీళ్లెవరూ ఉండరు. తమాషా ఏంటంటే, సువార్తలో మునిగి తేలిన ఆ రష్యన్ కథలు మన తెలుగువాళ్లకి అందింది ఎక్కువగా కమ్యూనిస్టుల పుణ్యాన. సోవియట్ రోజుల్లో మాస్కోలో తెలుగులోనే అచ్చయి వచ్చిన పుస్తకాల్ని విశాలాంధ్ర వాళ్లు చవగ్గా ఊరూరా అమ్మకపోతే మా నాన్న తరానికి టాల్‌స్టాయ్ పేరు కూడా తెలిసేది కాదు. మన మిషన్ ప్రెస్సులు ఆ పని చెయ్యలేదు. అవి బైబిలు వేశాయి, కీర్తనలు వేశాయి, జైల్లో పడ్డ ఇంగ్లీషు రచయిత బన్యన్ రాసిన "యాత్రికుని ప్రయాణము" వేశాయి, అక్కడితో ఆగిపోయాయి. ఆ బన్యన్ పుస్తకం 1678 నాటిది. దాదాపు మూడు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా క్రైస్తవ కథ అంటే మనకి చటాలున గుర్తొచ్చేది అదొక్కటే.

మాస్టారి గదిలో జాషువా, దస్తయేవ్‌స్కీ, బన్యన్ ముగ్గురూ ఒకే అరలో ఉన్నారు. నాకు అక్కడే ఈ చోటు నచ్చేసింది.

మొదట తెచ్చుకున్నది జాషువా "క్రీస్తు చరిత్ర". 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన కావ్యం. వినుకొండలో పుట్టి, గుంటూరులోనే కన్నుమూసిన కవి, మనవాడు, అయినా మా గుడిలో ఒక్కరోజు కూడా ఆయన పద్యం వినపడగా నేను వినలేదు. కాపీ పాతది, బైండింగు వదులైపోయింది, అంతకుముందు చదివినవాళ్లెవరో కష్టమైన మాటలకి మార్జిన్లో పెన్సిలుతో అర్థాలు రాసి పెట్టారు. కొన్నిచోట్ల పక్కనే ప్రశ్నార్థకం కూడా. నిజం చెప్పాలంటే ఒంటరిగా చదివితే నాకు సగమే ఎక్కింది. కీర్తనలకి అలవాటుపడ్డ చెవి నాది, వృత్త పద్యం ఎక్కడ విరవాలో తెలియదు. తిరిగిచ్చేటప్పుడు ఆ మాటే అంటే మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని ఓ నాలుగు పద్యాలు రాగం తీసి చదివారు. మన జిల్లాలో స్టేజీ మీద చదివే పద్ధతిలో, చివరి పాదం సాగదీసి. అదేంటో, నిఘంటువు అక్కర్లేకుండానే అర్థమైపోయింది.

అప్పుడే ఆయన చెప్పిన సంగతి ఒకటి: మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో జనం వన్స్‌మోర్ కొట్టే శ్మశాన పద్యాలు జాషువావే. ఒక క్రైస్తవుడు రాసిన పద్యానికి తెల్లవార్లూ చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమందికి అది తెలుసో! ఇంకోపక్క, హిందూ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలే ఆయన్ని వెలివేశారు. అటు సభల్లో కులం పేరుతో అవమానం, ఇటు గుడిలో పద్యం పేరుతో అవమానం. "గబ్బిలం" గురించి మాట్లాడుకున్న సాయంత్రం ఈ విషయం వచ్చింది. గుళ్లోకి గబ్బిలం వెళ్లొచ్చు, తను వెళ్లకూడదు కాబట్టి దాని చేతే కాశీలో శివుడికి కబురు పంపుకునే మనిషి కథ అది, 1941లో వచ్చింది. ఒకాయన "అది వాళ్ల గుళ్ల సంగతి, మన దగ్గర అందరూ సమానమే కదా" అన్నాడు. వెనకనుంచి ఒకమ్మాయి "అన్నయ్యా, మన సంఘాల్లో పెళ్లి సంబంధం వస్తే మొదట ఏం అడుగుతారు? బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావనా?" అంది. ఇక చూడండి గోల. గంటసేపు తెగలేదు. మా గుడిలో ఇలాంటి గంట ఒక్కటి జరిగి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

దస్తయేవ్‌స్కీ "నేరము–శిక్ష" మాత్రం నేను పూర్తిగా ఒంటరిగానే చదువుకున్నాను. హత్య చేసినవాడికి సోనియా, చనిపోయి తిరిగి లేచిన లాజరు కథ చదివి వినిపించే చోటు ఉంది చూశారూ, యోహాను 11వ అధ్యాయం, ఆ పేజీల్లో వాడు మారిపోడు. వెక్కి వెక్కి ఏడవడు, మోకరించి సాక్ష్యం చెప్పడు. మనకి అలవాటైన కథలో అయితే అక్కడే మ్యూజిక్ పెరిగిపోవాలి. ఇక్కడ నవల ఇంకా బోలెడుంది, వాడు సైబీరియా దాకా వెళ్తే గానీ మెత్తబడడు. రాసినాయన సైబీరియా జైల్లో నాలుగేళ్లు ఉన్నవాడు, దారిలో ఎవరో ఇల్లాళ్లు చేతిలో పెట్టిన కొత్త నిబంధన ఒకటే ఆయన దగ్గరున్న పుస్తకం. అందుకేనేమో తొందరపడడు. మా చుట్టాల్లో జైలు పరిచర్యకి వెళ్లే ఆయన ఒకరున్నారు, ఈ పుస్తకం ఆయనకిచ్చాను, "ఒక్క కూటంలో మారిపోయారని రిపోర్టు రాసేవాళ్లకి ఇది చదివించాలి" అన్నారు.

ఇప్పుడు సినిమాల సంగతి. మాస్టారికి ఒక్కటే రూలు, గోడ మీద కాగితం అంటించి మరీ పెట్టారు: సినిమా అయ్యాక ఎవరూ లేచి వాక్యం చెప్పకూడదు. పాస్టర్లకీ ఇదే రూలు. "మీరు ఏం చూశారో చెప్పండి, ఏం నేర్చుకున్నారో ఇంటికెళ్లి చెప్పుకోండి" అంటారు. ఒకసారి ఒక అయ్యగారు పాపం అలవాటుకొద్దీ "ఈ సన్నివేశం ద్వారా ప్రభువు మనకి మూడు విషయాలు..." అని మొదలుపెడితే మాస్టారు "అయ్యగారూ, ఆ సన్నివేశంలో ఆవిడ చేతిలో ఏముందో ముందు చెప్పండి" అన్నారు. అయ్యగారికి గుర్తురాలేదు. ఆయనే పకపకా నవ్వేసి కూర్చున్నారు. ఆ నవ్వగలిగిన మనసుకి ఆయనకి నా వందనాలు.

నేను చూసినవాటిలో గది బాగా వేడెక్కింది 1964లో పాసోలినీ తీసిన మత్తయి సువార్త సినిమాకి. తీసినాయన నాస్తికుడు, మార్క్సిస్టు. ఆ ముక్క ముందే చెప్పేసరికి ఇద్దరు లేచి వెళ్లిపోయారు కూడా. నలుపు తెలుపు, పేరున్న నటులు లేరు, దక్షిణ ఇటలీలో మటేరా అనే ఊరి రాతి గుహల ఇళ్ల మధ్య, ఊళ్లోని పేదవాళ్లని కూడా పెట్టుకుని తీశాడు. మాటలన్నీ మత్తయి రాసినవే. అందుకే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవలేని మామ్మలు కూడా ఇబ్బంది పడలేదు, ఎవరు ఎప్పుడు ఏమంటారో వాళ్లకి కంఠతా వచ్చు. ఇందులో యేసు వేగంగా నడుస్తుంటాడు, శిష్యులు వెనక దాదాపు పరిగెడుతుంటారు, ఆయన వెనక్కి తిరిగి నడుస్తూనే మాట్లాడతాడు. కోపం ఉంది ఆ మొహంలో. ధనవంతుల గురించీ శాస్త్రుల గురించీ అనే మాటలు మనం ఆదివారం ఎంత మెత్తగా చదువుతామో అప్పుడు తెలిసింది నాకు. సిలువ దగ్గర మరియగా వేసింది పాసోలినీ కన్నతల్లే. ఆవిడ నేల మీద కూలబడే తీరు చూస్తే నటన అనిపించదు. చివర్లో ఒకావిడ "యేసయ్యకి ఇంత కోపం ఉంటుందా?" అని అడిగితే ఎవరూ ఠక్కున జవాబు చెప్పలేకపోయారు, అప్పటికి టీ వచ్చేసింది.

మనకి యేసు అంటే విజయచందర్ కదా. 1978లో భీంసింగ్ తీసిన "కరుణామయుడు" మన ఇళ్లల్లో సినిమా కింద లెక్క కాదు, గుడ్ ఫ్రైడే రోజు జరిగే ఒక ఆరాధన కింద లెక్క. మోదుకూరి జాన్సన్ మన జిల్లా వాడే, ఆయన రాసిన కరుణరథం పాట ఎన్ని గుళ్లలో పాడతారో లెక్కలేదు. మా నాయనమ్మ ఆ విజయచందర్‌నే 1986లో షిర్డీ సాయిబాబాగా చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పోన్లే, మంచి మొహం" అంది. ఆ సినిమా మీద నాకు గౌరవమే. నా పేచీ దాని తర్వాత వచ్చినవాటితో. ఈమధ్య ఫోన్లలో తిరిగే క్రైస్తవ షార్ట్ ఫిల్ములు చూడండి: తాగుబోతు, యాక్సిడెంటు, ఆసుపత్రి మంచం, బైబిలు పట్టుకున్న నర్సు, ఏడుపు, చివర్లో తెర మీద వచనం. ఇరవై నిమిషాల్లో మనిషి జీవితం మొత్తం సెటిలైపోతుంది. మంచి మనసుతో తీస్తున్నారు, కాదనను. కానీ అందులో తాగుబోతు మొహంలోకి కెమెరా ఒక్క క్షణం కూడా నిలబడి చూడదు, వాడు మారడానికి పుట్టినవాడు అంతే.

దీనికి సరిగ్గా ఎదురు, "బాబెట్స్ ఫీస్ట్" అని 1987 నాటి డేనిష్ సినిమా. విదేశీ చిత్రాల ఆస్కార్ వచ్చింది దానికి. సముద్రం ఒడ్డున చిన్న పల్లె, ముసలి విశ్వాసులు, ఎండుచేపా గంజీ తప్ప తిండి మీద ధ్యాస పెట్టడం పాపం అనుకునేవాళ్లు. వాళ్లింట్లో వంటమనిషిగా చేరిన ఫ్రెంచి ఆవిడకి లాటరీలో పదివేల ఫ్రాంకులు వస్తే, మొత్తం ఒక్క విందుకి ఖర్చు పెట్టేస్తుంది. తినేవాళ్లేమో రుచి గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని ముందే ఒట్టేసుకుంటారు. గుంటూరులో ఈ సినిమా చూడటం వేరే అనుభవం అండీ. ప్రేమవిందులో గోంగూర మాంసంలో ఉప్పు ఒక పిసరు తగ్గినా వంటవాడిని పేరు పెట్టి పిలిచి అడిగే జనం మనం. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ ఉండబట్టలేక "అంత చేసి పెడితే బాగుంది అని ఒక్క మాట అనరేంటి, నోరేమైనా పడిపోయిందా!" అని తెరని తిట్టేసింది. విందు సాగేకొద్దీ పాత పగలున్న ముసలాళ్లు మెల్లగా కరిగి ఒకరినొకరు క్షమించుకుంటుంటే అదే మనిషి కళ్లొత్తుకుంటోంది. చివర్లో ముసలి జనరల్ లేచి మాట్లాడతాడు. అప్పటిదాకా సబ్‌టైటిల్స్ చూసి తెలుగులో చెబుతున్న ఏసీ కాలేజీ కుర్రాడు అక్కడ తడబడ్డాడు, "దయ, నిజం కలుసుకున్నాయి... నీతీ, ఇంకేదో..." అంటుంటే వెనకనుంచి ఒక మామ్మ అందుకుంది: "కృపాసత్యములు కలిసికొనినవి, నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనినవి. 85వ కీర్తన బాబూ, నువ్వు కానీ." గదంతా నవ్వులు. ఆ కీర్తన నేను ఎన్నోసార్లు చదివాను గానీ, భోజనం బల్ల ముందు కూర్చుని వినడం అదే మొదలు.

సరే, ఇక తిట్లు.

సబ్‌టైటిల్స్ పెద్ద సమస్య. ఆ కాలేజీ కుర్రాడు వస్తేనే తెలుగులో చెప్తాడు, రాకపోతే ఇంగ్లీషు రానివాళ్లు బొమ్మలు చూసి ఊరుకోవాలి. పోనీ ముందే కథ ఒక పేజీలో తెలుగులో రాసి జిరాక్సు తీసి పంచొచ్చుగా? ఎన్నిసార్లు చెప్పినా "చేద్దాం" అంటారు, చెయ్యరు. పుస్తకాలకి క్యాటలాగు లేదు, ఏ పుస్తకం ఎక్కడుందో మాస్టారి తలకాయలో ఉంది, ఆయన ఊరెళ్తే ఎవరూ వెతకలేరు. కొత్తగా రాస్తున్న తెలుగు క్రైస్తవ కవులూ కథకులూ దాదాపు లేరు, అరలన్నీ పోయినవాళ్లతోనే నిండిపోయాయి. గదిలో ఒక్క ఫ్యాను శబ్దం చేస్తుంది, అది ఆపితే వేడి, వేస్తే డైలాగు వినపడదు. ఎండాకాలం శనివారాలు గుంటూరులో ఆ గది గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. చర్చలో మగవాళ్లు ఎక్కువ మాట్లాడతారు, అందులోనూ ఒకరిద్దరు మైకు దొరికితే వదలరు, వాక్యం చెప్పకూడదనే రూలుతో పాటు మూడు నిమిషాల రూలు కూడా పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది టైము. ఆరింటికి అంటారు, ఆరున్నర దాటితే గానీ మొదలవదు. సినిమా, టీ, మాటలు అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. తెనాలి, చేబ్రోలు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు సినిమా అవగానే బస్సు కోసం పరిగెడతారు, అసలు మాటలు మొదలయ్యేది అప్పుడే. కోసిన ఆ ఒక్క మార్కు దీనికే.

ఎవరు వెళ్లొచ్చంటే, చదివే అలవాటున్నవాళ్లెవరైనా వెళ్లొచ్చు. క్రైస్తవులే కానక్కర్లేదు, "గబ్బిలం" రోజు వచ్చినవాళ్లలో సగం మంది కవిత్వం కోసం వచ్చినవాళ్లే, వాళ్లని ఎవరూ "ఏ సంఘం మీది?" అని అడగలేదు. పదేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లకండి, విసుగొస్తుంది. బండి షాపు ముందు పెడితే పక్కింటాయన గొడవ చేస్తాడు, సందు మొదట్లో పెట్టి నడవండి. సభ్యత్వానికి ఫొటో, ఆధార్ జిరాక్సు అడగరు, ఫోన్ నంబరు చాలు. కోడలుగారిని అడిగితే వచ్చే శనివారం ఏ సినిమానో చెప్తారు.

ఈస్టరు ముందొచ్చే శ్రమదినాల్లో నాలుగింటికే మొదలుపెడదామని ఆవిడ అంటున్నారు, మాస్టారు ఇంకా ఊ అనలేదు. మీరు వెళ్తే ఆ మాట మీరు కూడా ఒకసారి గట్టిగా అడగండి.